ఆఫీసు ప్రాక్సీ, రిమోట్ డెస్క్‌టాప్: దారి ఎక్కడ తెగుతుంది?

దూరాన ఉన్న కంప్యూటర్ తెరను మన తెర మీదికి తెచ్చుకుని, మన కీబోర్డుతో, మౌసుతో దాన్ని నడిపే ఏర్పాటే రిమోట్ డెస్క్‌టాప్. ఆఫీసు లోపలి సిస్టమ్‌లకూ బయటి ఇంటర్నెట్‌కూ నడుమ నిలిచి, లోపలివాళ్ల అభ్యర్థనలను తన పేరు మీద బయటికి పంపి, వచ్చిన జవాబును వాళ్లకు అందించేది ప్రాక్సీ సర్వర్. మొదటిది పుట్టింది ఒకే ఆవరణలోని నెట్‌వర్క్ కోసం. రెండోది పుట్టింది వెబ్ పేజీల కోసం. వేర్వేరు అవసరాలకు తయారైన ఈ రెండూ ఒకే దారిలో ఎదురుపడ్డచోట చిక్కులు మొదలవుతాయి. ఈ పాతికేళ్లలో ఐటీ హెల్ప్‌డెస్క్‌ల ముందుకు మళ్లీ మళ్లీ వచ్చిన ఫిర్యాదుల్లో ఇదొకటి: బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి, రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం కనెక్ట్ కావడం లేదు.

తెలుగు నేల మీద ఈ సాంకేతికత చరిత్ర 1998తో ముడిపడి ఉంది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌ను విడుదల చేసింది ఆ ఏడాదే. అందులో వాడిన బహుళ వినియోగదారుల పద్ధతి సిట్రిక్స్ సంస్థ నుంచి వచ్చింది. రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్, అంటే ఆర్‌డీపీ, దానితోనే బయటికొచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో తెరిచింది. నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్ నుంచి అమెరికా, ఐరోపా క్లయింట్ల సర్వర్లను నడిపే కొలువులు వేలల్లో వచ్చాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో రిమోట్ డెస్క్‌టాప్ మామూలు సిస్టమ్‌లోకీ చేరింది. విండోస్ హోమ్ ఎడిషన్ మాత్రం ఇప్పటికీ బయటి యంత్రాలకు కనెక్ట్ కాగలదే కానీ, తనలోకి ఎవరినీ రానివ్వదు. ప్రాక్సీని అనుమానించే ముందు అవతలి యంత్రంలో ఏ ఎడిషన్ ఉందో చూడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఈ కొలువులు పల్లెకు చేరింది 2020లో. ఆ ఏడాది మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాదు, బెంగళూరు హాస్టళ్లలో ఉన్న కుర్రకారు ల్యాప్‌టాప్‌లు చేతపట్టుకుని సొంతూళ్ల బాట పట్టారు. కర్నూలుకూ నంద్యాలకూ నడుమ, నందికొట్కూరు పక్కన ఉన్న మిడుతూరు లాంటి మండల కేంద్రాల్లో, అటు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి గదులే ఆఫీసులయ్యాయి. మిడుతూరు అప్పటికి కర్నూలు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడ్డ నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఇంటి నుంచి పనికి అప్పటిదాకా అడ్డుగా ఉన్న నిబంధనలను కేంద్ర టెలికాం శాఖ 2020 మార్చి 13న తాత్కాలికంగా సడలించింది. నవంబరు 5న ఇతర సేవల ప్రదాతల (కాల్ సెంటర్లు, బీపీఓల వంటి సంస్థల) మార్గదర్శకాలను మార్చి, 2021 జూన్ 23న ఇంకా సరళం చేసింది. చట్టం దారి ఇచ్చింది. ఇక మిగిలింది తీగ, దాని మీద ఒక్కో సేవకూ నంబరు వేసి కేటాయించిన తలుపుల్లాంటి పోర్టులు, ఆఫీసు గుమ్మంలో కూర్చున్న ప్రాక్సీ.

తీగ విషయంలో ఆంధ్రప్రదేశ్‌ది విలక్షణమైన కథ. రాష్ట్ర ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. భూమిలో కందకాలు తవ్వకుండా చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. ఖర్చు తగ్గింది, ఊళ్లకు తొందరగా చేరింది. అయితే ఈదురుగాలి వచ్చినప్పుడు కరెంటుతో పాటు నెట్ కూడా పోయే అవకాశం ఉంటుంది. కాబట్టి పల్లెలో రిమోట్ డెస్క్‌టాప్ తెగిందంటే, అది ప్రాక్సీ తెంచిందా, తీగ తెగిందా అని తేల్చుకోవడంతోనే పరిశీలన మొదలవుతుంది. బ్రౌజర్‌లో బయటి సైట్లు ఏవీ తెరుచుకోకపోతే ముందు అనుమానించాల్సింది తీగను, లేదా నెట్ ఇచ్చే సంస్థను. బయటి సైట్లు తెరుచుకుంటూ ఆఫీసు సిస్టమ్ మాత్రమే అందకపోతే అక్కడి నుంచి వెతుకులాట వేరే దారిన సాగాలి.

ఆ దారి అర్థం కావాలంటే ప్రాక్సీ పనితీరు తెలియాలి. వెబ్ ప్రాక్సీలు 1994 నాటికే జెనీవాలోని సెర్న్ ప్రయోగశాల సర్వర్‌లో ఉన్నాయి. ఇప్పటికీ విరివిగా వాడే స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ 1996లో మొదలైంది. దాని మామూలు పోర్టు 3128. సాదా వెబ్ పేజీ అయితే ప్రాక్సీ దాన్ని తానే చదివి, వడపోసి ఇస్తుంది. గుప్తీకరించిన సంభాషణను చదవలేదు కనుక దాని కోసం కనెక్ట్ అనే ప్రత్యేక ఆదేశం ఉంది: ఫలానా సర్వర్, ఫలానా పోర్టుకు సొరంగం తెరువు, ఆ తర్వాత లోపల ఏం పోతుందో చూడకు అని దాని అర్థం. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) మీద నీళ్లు వదిలే లస్కరు ఏ కాలువకు నీళ్లో అడిగి తూము తలుపు ఎత్తుతాడు, ఆ తర్వాత పారే నీటిని తాకడు. ప్రాక్సీ కూడా అంతే, మొదట ఒక్కసారి అడిగి, అనుమతి ఉంటే దారి వదులుతుంది.

అసలు చిక్కు ఆ అనుమతి దగ్గరే ఉంది. స్క్విడ్‌తో వచ్చే మామూలు నిబంధనల ప్రకారం కనెక్ట్ ఆదేశం 443 పోర్టుకే చెల్లుతుంది. ఆర్‌డీపీ వినేది 3389 పోర్టులో. అంటే ఎవరూ పని కట్టుకుని రిమోట్ డెస్క్‌టాప్‌ను నిషేధించనక్కర్లేదు, మార్చకుండా వదిలేసిన నిబంధనే దాన్ని ఆపుతుంది. ఇంకో మెలిక: విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ ప్రోగ్రాం నేరుగా 3389కి వెళ్లేటప్పుడు వెబ్ ప్రాక్సీని పట్టించుకోదు. దానిలో ప్రాక్సీ చిరునామా రాసే గడి కూడా లేదు. బయటికి ప్రాక్సీ ఒక్కటే దారిగా ఉన్న ఆఫీసులో ఆ ప్రోగ్రాం గోడను ఢీకొని ఆగిపోతుంది. ప్రాక్సీ లాగులో, అంటే అది రాసుకునే చిట్టాలో, ఆ ప్రోగ్రాం పేరే ఉండదు, ఎందుకంటే అది ప్రాక్సీ దగ్గరికి వెళ్లనేలేదు. లాగులో ఏమీ లేదు కాబట్టి ప్రాక్సీ తప్పేమీ లేదని నిర్వాహకుడూ, ప్రాక్సీయే అడ్డుకుందని ఉద్యోగీ వాదించుకునే సందర్భాల్లో ఇద్దరి మాటా సగం నిజమే.

దీనికి మైక్రోసాఫ్ట్ చూపిన పరిష్కారం గేట్‌వే. విండోస్ సర్వర్ 2008తో వచ్చిన టెర్మినల్ సర్వీసెస్ గేట్‌వే, తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వేగా పేరు మార్చుకుంది. అది ఆర్‌డీపీ మాటలను హెచ్‌టీటీపీఎస్ పొరలో చుట్టి 443 పోర్టు మీదుగా పంపుతుంది. ప్రాక్సీకి అది ఏదో బ్యాంకు సైటు తెరుస్తున్నట్టే కనిపిస్తుంది. సంస్థ లోపలి యంత్రాల 3389 పోర్టు బయటి లోకానికి కనబడకుండా దాగి ఉంటుంది. ఆఫీసు ప్రాక్సీ ఉన్నచోట రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే గేట్‌వే పెట్టుకోవడమే సరైన మార్గం. మిగతావన్నీ తాత్కాలిక సర్దుబాట్లు.

గేట్‌వే పెట్టాక కూడా ఆగిపోయే చోట్లు కొన్ని ఉంటాయి. వాటిలో ఎక్కువగా తికమక పెట్టేది ప్రాక్సీ సొంత లాగిన్. ప్రాక్సీ 407 అనే జవాబు ఇచ్చిందంటే, ముందు నువ్వెవరో చెప్పు అని అడుగుతోందన్న మాట. బ్రౌజర్ అయితే విండోస్ లాగిన్‌నే నిశ్శబ్దంగా అందించి దాటిపోతుంది. అన్ని ప్రోగ్రాములూ ఆ పని చేయవు. 403 వస్తే ప్రాక్సీ మనిషిని గుర్తించింది, ఆ గమ్యానికి మాత్రం అనుమతి లేదంది. 502, 504 వస్తే ప్రాక్సీ తన వంతు ప్రయత్నం చేసింది, అవతలి గేట్‌వే నుంచి సరైన జవాబు రాలేదు లేదా సమయానికి రాలేదు. ఈ మూడంకెల సంఖ్యను హెల్ప్‌డెస్క్‌కు పంపే టికెట్లో రాస్తే సగం పరిశోధన అయిపోయినట్టే. కనెక్ట్ అవ్వట్లేదు అని మాత్రమే రాసిన టికెట్‌తో ఏ ఇంజినీరూ ఏమీ చేయలేడు.

విండోస్‌లో ప్రాక్సీ అమరికలు రెండు చోట్ల ఉంటాయన్నది చాలామంది ఎరగని సంగతి. బ్రౌజర్ వాడే వినియోగదారు అమరిక ఒకటి. వెనుక నడిచే సర్వీసులు వాడే విన్‌హెచ్‌టీటీపీ అమరిక మరొకటి. ఒకటి సరిగా ఉండి రెండోది ఖాళీగా ఉన్నప్పుడు బ్రౌజర్ పనిచేస్తుంది, బ్రౌజర్ అమరికపై ఆధారపడని ప్రోగ్రాములు పనిచేయవు. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ అని అడిగితే రెండో అమరిక ఏమిటో తెలుస్తుంది.

ఊరికి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇదే తప్పు తలకిందులుగా కనిపిస్తుంది. ఆఫీసులో ఉన్నప్పుడు ఐటీ విభాగం ప్రాక్సీ చిరునామాను యంత్రంలో బిగించి ఉంటుంది. ఆ చిరునామా ఆఫీసు గోడల లోపలే చెల్లుతుంది. అదే ల్యాప్‌టాప్‌ను మిడుతూరులో ఫైబర్ కనెక్షన్‌కు తగిలించగానే, అందుబాటులో లేని ప్రాక్సీ కోసం వెతికి వెతికి విసిగిపోతుంది. బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి గుప్త సొరంగం వేసే వీపీఎన్ కలిస్తే గానీ ప్రాక్సీ అందదు, ప్రాక్సీ కావాలని పట్టుబడితే వీపీఎన్ కలవదు. ఈ ముడి విప్పడానికే ఆటో కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఉన్నాయి. 1996లో నెట్‌స్కేప్ 2.0తో వచ్చిన ఈ పద్ధతిలో, ఏ గమ్యానికి ప్రాక్సీ ద్వారా వెళ్లాలో, దేనికి నేరుగా వెళ్లాలో చిన్న జావాస్క్రిప్ట్ ఫైలు నిర్ణయిస్తుంది. వీపీఎన్ సర్వర్‌ను, రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వేను నేరుగా వెళ్లే జాబితాలో చేరిస్తే ఇంటి దగ్గర చిక్కు తీరుతుంది. ఈ పని ఐటీ విభాగం చేయాల్సింది. ఉద్యోగి సొంతంగా సెట్టింగులు మార్చుకుంటే మళ్లీ ఆఫీసుకు వెళ్లిన రోజున కొత్త గొడవ మొదలవుతుంది.

మరో పెద్ద అడ్డంకి గుప్తలిపిని విప్పి చూసే ప్రాక్సీలు. బ్యాంకింగ్, ఆరోగ్య రంగాల క్లయింట్లున్న ఆఫీసుల్లో ప్రాక్సీ సొరంగాన్ని తెరిచి వదిలేయదు. తన సర్టిఫికెట్‌ను మధ్యలో పెట్టి లోపలి మాటను చదివి మళ్లీ మూసి పంపుతుంది. వెబ్ పేజీలకు ఇది సరిపోతుంది. గేట్‌వే మాట్లాడే తీరు వెబ్ పేజీలా ఉండదు. అది ఆర్‌డీజీ ఇన్ డేటా, ఆర్‌డీజీ అవుట్ డేటా అనే సొంత ఆదేశాలను వాడుతుంది. పాత ఆర్‌పీసీ పద్ధతిలో అయితే ఒకే అభ్యర్థనలో ఒక గిగాబైటు సమాచారం రాబోతోందని ముందే ప్రకటించి, కొంచెం కొంచెంగా పంపుతుంది. ఆ ఆదేశాలను ఎరగని ప్రాక్సీ వాటిని తోసిపుచ్చుతుంది, లేదా మొత్తం వచ్చేదాకా పోగుచేద్దామని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. సర్టిఫికెట్ హెచ్చరికలో గేట్‌వే సర్టిఫికెట్‌ను జారీ చేసిన సంస్థ పేరు బదులు సొంత ఆఫీసు పేరు కనిపిస్తే, ప్రాక్సీ మధ్యలో చేయి పెట్టిందని అర్థం. గేట్‌వే చిరునామాకు ఈ తనిఖీ నుంచి మినహాయింపు ఇవ్వడమే మందు. 2019లో అందుబాటులోకి వచ్చి ఇప్పుడు అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌గా పిలుస్తున్న సేవకూ మైక్రోసాఫ్ట్ ఇదే సలహా ఇస్తోంది: వీలైతే ప్రాక్సీని తప్పించండి, తప్పించలేకపోతే లాగిన్ అడిగే ప్రాక్సీని, గుప్తలిపి విప్పే ప్రాక్సీని వాడకండి.

పరీక్షల విషయంలో రెండు పొరపాటు అవగాహనలు బలంగా నాటుకుని ఉన్నాయి. పింగ్ రాకపోతే అవతలి యంత్రం లేదని అనుకోవడం మొదటిది. వెబ్ ప్రాక్సీ పింగ్‌ను మోయదు కాబట్టి ఆ పరీక్ష ఇక్కడ ఏదీ రుజువు చేయదు. పవర్‌షెల్‌లోని టెస్ట్ నెట్‌కనెక్షన్ ఆదేశం ఇచ్చిన జవాబునే తుది తీర్పుగా తీసుకోవడం రెండోది. అది ప్రాక్సీని పట్టించుకోకుండా నేరుగా పోర్టును తట్టి చూస్తుంది. ప్రాక్సీ తప్ప మరో దారి లేని ఆఫీసులో, గేట్‌వే చక్కగా పనిచేస్తున్నా ఆ ఆదేశం విఫలమైందనే చెబుతుంది. అలాంటిచోట 2018 నుంచి విండోస్ 10తో పాటే వస్తున్న కర్ల్ అనే పనిముట్టు మేలు. దానికి ప్రాక్సీ చిరునామా ఇచ్చి గేట్‌వేను అడిగితే, ప్రాక్సీ 407 అందా, 403 అందా, సొరంగం తెరిచిందా, సర్టిఫికెట్ ఎవరిదన్నది వరసగా తెర మీద కనిపిస్తుంది.

గేట్‌వే దాకా చేరాక తప్పు జరిగితే దాని సాక్ష్యం గేట్‌వే సర్వర్ ఈవెంట్ వ్యూయర్‌లో ఉంటుంది. 201 నంబరు కనిపిస్తే ఆ మనిషికి గేట్‌వేలోకి వచ్చే అర్హత లేదు. 301 అయితే మనిషి సరే, అడిగిన యంత్రానికి అనుమతి లేదు. 302 కనెక్ట్ అయినట్టు, 303 తెగినట్టు. 201, 301 వచ్చినప్పుడు ప్రాక్సీ వైపు చూడటం దండగ. అలాగే గడియారం కూడా చూడాలి. డొమైన్ లాగిన్‌లో వాడే కెర్బెరాస్ పద్ధతి మామూలుగా రెండు యంత్రాల మధ్య 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. 2018 మే నెలలో ఒక్కసారిగా ఎన్నో ఆఫీసుల్లో రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్లు ఆగిపోయినప్పుడు కూడా తప్పు ప్రాక్సీలది కాదు. ఆ లాగిన్‌లో వాడే క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ లోపాన్ని సరిచేస్తూ మార్చిలో వచ్చిన అప్‌డేట్‌ను ఒకవైపు వేసి, మరోవైపు వేయకపోవడం దానికి కారణం. మే అప్‌డేట్ ఆ నిబంధనను కఠినం చేయడంతో తేడా బయటపడింది.

లాగిన్ అయ్యాక తెర నల్లగా ఉండిపోవడం మరో కోవ. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ లాంటి కనెక్షన్లలో వాడే పీపీపీఓఈ పద్ధతి ప్యాకెట్ పరిమాణాన్ని 1500 నుంచి 1492 బైట్లకు తగ్గిస్తుంది. దాని మీద వీపీఎన్ పొర చుడితే ఇంకా తగ్గుతుంది. చిన్న ప్యాకెట్లతో నడిచే లాగిన్ దాటిపోతుంది, తెర బొమ్మను మోసే పెద్ద ప్యాకెట్లు దారిలో రాలిపోతాయి. ముక్కలు చేయవద్దనే షరతుతో 1464 బైట్ల పింగ్‌ను ఏదైనా బయటి చిరునామాకు పంపి, అది పోకుండా అంతకన్నా చిన్నది పోతే చిక్కు ఇదేనని తెలుస్తుంది. ఆర్‌డీపీ 8.0 నుంచి తెర బొమ్మను వేగంగా పంపడానికి యూడీపీ మార్గం కూడా వాడుతుంది, గేట్‌వేతో అయితే 3391 పోర్టులో. వెబ్ ప్రాక్సీ యూడీపీని మోయదు. అందుకని ప్రాక్సీ వెనుక సెషన్ టీసీపీ మీదే నడిచి, వీడియో, స్క్రోలింగ్ దగ్గర తడబడుతుంది. దాన్ని లోపం అనలేం, ఆ దారి పరిమితి అది.

కాసేపు టీకి వెళ్లి వచ్చేసరికి సెషన్ తెగి ఉండటానికి కారణం ఎక్కువసార్లు నిష్క్రియ గడువే, అంటే ఏమీ కదలని కనెక్షన్‌ను ప్రాక్సీ తెంచేసే సమయం. స్క్విడ్‌లో ఇది మామూలుగా 15 నిమిషాలు. ఇక ఆలస్యం సంగతి. కర్నూలు నుంచి హైదరాబాదుకు రోడ్డు దారి 210 కిలోమీటర్ల చిల్లర, ఫైబర్‌లో కాంతికి అది మిల్లీ సెకను పని. హైదరాబాదు నుంచి న్యూయార్క్ దాదాపు 13,000 కిలోమీటర్లు. పోయిరావడానికి కాంతికే 130 మిల్లీ సెకన్లు కావాలి, తీగలు తిన్నగా పోవు కనుక వాస్తవంలో అంతకన్నా ఎక్కువ. మిడుతూరు నుంచి హైదరాబాదు ఆఫీసు వీపీఎన్, అక్కడి ప్రాక్సీ, అక్కడి నుంచి అమెరికా గేట్‌వే అని మూడు మజిలీలు పెట్టాక మౌసు ఆలస్యంగా కదులుతోందంటే ఆశ్చర్యం లేదు. క్లయింటు అనుమతిస్తే ఇంటి నుంచి నేరుగా అమెరికా గేట్‌వేకు పంపడం మేలు.

ఇన్ని చిక్కులు చూశాక చాలామంది అడ్డదారి వెతుకుతారు. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ వంటివి సొంత పోర్టులు మూసి ఉంటే 443, 80 పోర్టులకు మారి ప్రాక్సీని దాటే ప్రయత్నం చేస్తాయి. సాంకేతికంగా అవి మంచి పనిముట్లే. ఆఫీసు అనుమతి లేకుండా వాటిని పెట్టుకోవడం మాత్రం సంస్థకు తెలియని తలుపు తెరవడమే. ఎనీడెస్క్ ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్న మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అంతకన్నా ప్రమాదకరం 3389ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం. 2019 మే 14న రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడ్డ బ్లూకీప్ లోపం ఎంత తీవ్రమైనదంటే, మద్దతు ఆగిపోయి ఐదేళ్లు దాటిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ విడుదల చేసింది. పోర్టు నంబరు మార్చి దాచామనుకోవడం కూడా రక్షణ కాదు, స్కానర్లు అన్ని పోర్టులనూ తడతాయి.

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను 6 గంటల్లోగా తెలపాలి, లాగులను 180 రోజులు దాచాలి. ఉద్యోగి గుట్టుగా పెట్టుకున్న రిమోట్ ప్రోగ్రాం నుంచి చొరబాటు జరిగితే ఆ లాగుల్లో అతని యంత్రం పేరే ముందు కనిపిస్తుంది. ఇలాంటి సైబర్ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్న వ్యక్తులు ఫోన్ చేయాల్సిన జాతీయ నంబరు 1930.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఆమోదించిన ఐటీ, గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల విధానంలో ఇంటి దగ్గరి పని, ఊరి దగ్గరి కో-వర్కింగ్ స్థలాలకు చోటు ఇచ్చింది. అవి నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాలకు, ఆ వెంట మండల కేంద్రాలకు రావాలంటే గదులు, కుర్చీలు కట్టి ఊరుకుంటే చాలదు. హైదరాబాదు, బెంగళూరు ఆఫీసుల ఐటీ విభాగాలు బయటి ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ప్రాక్సీ నిబంధనలు రాయాలి: గేట్‌వేకు మినహాయింపు, ఇంట్లోనూ పనిచేసే ఆటో కాన్ఫిగరేషన్ ఫైలు, నిష్క్రియ గడువు పెంపు. ఉద్యోగి వైపు నుంచి అడగాల్సింది కూడా ఉంది. టికెట్ వేసేటప్పుడు తెగిన సమయం, ఎర్రర్ సంఖ్య, వీపీఎన్ కలిసి ఉందో లేదో, మొబైల్ హాట్‌స్పాట్‌తో పనిచేసిందో లేదో, సర్టిఫికెట్‌లో ఏ పేరు కనిపించిందో, ఈ ఐదూ రాయండి. ఆ ఐదు వివరాలుంటే తప్పు తీగలో ఉందా, ప్రాక్సీలోనా, గేట్‌వేలోనా అన్నది హెల్ప్‌డెస్క్ త్వరగా తేల్చగలదు.